కన్ఫర్డ్ ఐఏఎస్‌కి పేరు వెళ్తోంది, 62 వదులుకుని 60కే రిటైర్ అవ్వాలా?

కృష్ణలంక_ఆడపడుచు:
నాది ఆంధ్రా రెవెన్యూ. గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దారుగా చేరాను, ఇప్పుడు స్పెషల్ గ్రేడ్ డిప్యూటీ కలెక్టర్‌ని. వయసు 54. కన్ఫర్డ్ ఐఏఎస్‌కి, అంటే రాష్ట్ర అధికారులకి ప్రమోషన్ మీద ఇచ్చే ఐఏఎస్‌కి, ఈసారి పరిశీలించే పేర్ల జాబితాలో (జోన్‌లో) నా పేరుంటుందని సచివాలయంలో తెలిసినవాళ్లు చెప్పారు. అమ్మ అప్పుడే పక్కింటి వాళ్ల ముందు నన్ను "కలెక్టరమ్మ" అనేస్తోంది.

నాకేమో లెక్క కుదరట్లేదు. రాష్ట్ర సర్వీసులో ఉంటే 2022 జనవరి నుంచి రిటైర్మెంట్ 62కి. ఐఏఎస్ అయితే 60కే. నోటిఫికేషన్ వచ్చేసరికి నాకు 56 నిండాయనుకోండి, అటు వెళ్తే నాలుగేళ్లు, ఇక్కడే ఉంటే ఆరేళ్లు. 2004కి ముందే చేరాను కనుక పాత పెన్షనే, ఆ బెంగ లేదు గానీ, చిన్నోడి చదువు ఇంకా ఉంది.

పైగా ఆర్డీవోగా ఉన్నప్పటి ఒక భూసేకరణ ఫైలు మీద ఛార్జ్ మెమో (ఆరోపణలకి సంజాయిషీ అడిగే నోటీసు) ఉంది. జవాబిచ్చి రెండేళ్లయింది, ఫైలు కదల్లేదు. దీనివల్ల పేరు కొట్టేస్తారా? ఎంపిక కమిటీ మీటింగ్ ఆలస్యమై, వయోపరిమితి 56 దాటితే ఇక అంతేనా? అసలు వద్దని రాసివ్వొచ్చా?

మాజీ_డీఆర్వో:
అమ్మా, ముందు వయసు సంగతి. 56 అనేది మీటింగ్ తేదీకి చూడరు. ఏ సంవత్సరపు సెలెక్ట్ లిస్టో (ఎంపికైన వాళ్ల జాబితా) ఆ ఏడాది జనవరి 1కి చూస్తారు. ఆ ఏడాది మీటింగే పెట్టకపోతే తర్వాత పెట్టినా ఆ ఏడాది కింద మిమ్మల్ని పరిశీలిస్తారు. ఆలస్యం వాళ్లది, శిక్ష మీకు కాదు.

మెమో ఉందని పేరు కొట్టెయ్యరు. ఏసీఆర్‌లు (ఏటా పై అధికారులు రాసే పనితీరు నివేదికలు) బాగుంటే "ప్రొవిజనల్", అంటే తాత్కాలికం, అని లిస్టులో చేరుస్తారు. కానీ లిస్టు గడువులోపు మెమో తేలి, రాష్ట్రం నుంచి ఇంటెగ్రిటీ సర్టిఫికెట్ (నిజాయితీ ధ్రువపత్రం) వెళ్తేనే నోటిఫికేషన్. మా బ్యాచ్‌మేట్ ఒకాయన అలా ప్రొవిజనల్‌లోనే గడువు దాటించుకున్నాడు. ఆ తర్వాత ఆయన మీద ఛార్జీలన్నీ కొట్టేశారు. ఏం లాభం?

వద్దనుకుంటే మానుకోవచ్చు. సమ్మతి, పాత పోస్టు మీద లియన్ (తిరిగొచ్చే హక్కు) వదులుకుంటున్నట్టు పత్రం మీరు సంతకం పెట్టి ఇవ్వాల్సిందే.

మా రోజుల్లో ఇది తలకిందులు. 2014కి ముందు రిటైర్మెంట్ రాష్ట్రంలో 58, ఐఏఎస్‌కి 60. అందుకే అందరం దాని వెంటపడ్డాం. నాకు 57లో వచ్చింది. కలెక్టరుగా జిల్లా రాలేదు. ఒక కార్పొరేషన్ ఎండీ, ఆ తర్వాత ఒక డైరెక్టరేట్. ముస్సోరీ ట్రైనింగ్‌లో మోకాళ్ల నొప్పితో ఆ మెట్లు ఎక్కలేక చచ్చాను. అయినా వెళ్లినందుకు ఎప్పుడూ బాధపడలేదు.

పొలంబడి:
మేడమ్, మీ టెన్షన్ చూస్తే నాకు అసూయే. నేను వ్యవసాయశాఖ. నాన్ ఎస్‌సీఎస్ కోటా, అంటే రాష్ట్ర సివిల్ సర్వీసులో లేని ఇతర శాఖల వాళ్లది. ప్రమోషన్ కోటాలో మా వాటా 15 శాతం మించదు, అది కూడా అన్ని శాఖలకీ కలిపి. ఒక్క ఖాళీకి రాష్ట్రం అయిదుగురి పేర్లు పంపిస్తుంది. మీకు ఏసీఆర్‌లు చూస్తే సరిపోతుంది, మాకు ఢిల్లీలో ఇంటర్వ్యూ. ధోల్‌పూర్ హౌస్ (యూపీఎస్సీ ఆఫీసు) బయట కొత్త టై బిగించుకుని నిలబడితే, ఇరవై ఏళ్ల సర్వీసు పోయి మళ్లీ నిరుద్యోగిలా అనిపించింది. నాకు రాలేదు. మీరు మాత్రం వదులుకోకండి.

మంజీర_ఒడ్డు:
మా తెలంగాణలో రిటైర్మెంట్ 61, మాకు పోయేది ఒక్క ఏడాదే. అయినా మా కొలీగ్ ఒకరు వద్దనే అన్నారు. కారణం ఏంటో తెలుసా? సొంతూరు పక్క జిల్లాలో అడిషనల్ కలెక్టర్ పోస్టు బాగా అలవాటైపోయింది, మళ్లీ ఎక్కడికి తోలేస్తారోనని భయం. ఆయన భార్య మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

కృష్ణలంక_ఆడపడుచు:
మాజీ డీఆర్వో గారూ, వయసు సంగతి చెప్పి సగం భారం దించారు. పొలంబడి గారూ, మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి.

రాత్రి మావారు కాగితం మీద రెండు వైపులా జీతాలు వేసి చూశారు. ఇక్కడే ఉండిపోవడం మేలని తేలింది. ఆ కాగితం చూసి అమ్మ ఒక్కమాట అంది: "నాన్న ఉంటే ఏమనేవాడో." మా నాన్న గ్రామ సేవకుడు, కలెక్టర్ క్యాంపుకొస్తే కుర్చీలు మోసేవాడు.

సోమవారం వెలగపూడి సచివాలయానికి వెళ్తున్నాను. ముందు ఆ మెమో ఫైలు ఏ సెక్షన్‌లో పడుందో చూడాలి. సమ్మతి పత్రం సంగతి తర్వాత.