మాచా (జపాన్ గ్రీన్ టీ పొడి) కేకు పచ్చగా నిలవడం లేదు. పెరుగు బదులు ఏం వాడాలి?

తిరుపతిలో మా ఇంట్లో గుడ్డు లేకుండా చేసే మాచా కేకు, పిండి కలిపినప్పుడు లేత అరటాకు రంగులో ఉండి, ఓవెన్ నుంచి తీసేసరికి లోపల కూడా ఎండిన గోంగూర రంగుకు తిరుగుతోంది. మైదా 150 గ్రాములు, పుల్లటి పెరుగు 120, పంచదార 110, మాచా 8 గ్రాములు, నూనె 60 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు ఒక టీస్పూను, వంటసోడా పావు టీస్పూను వేసి, 7 అంగుళాల గిన్నెలో 170 డిగ్రీల వద్ద 35 నిమిషాలు ఉంచుతాను.

పొడి పాతదేమోనని జపాన్‌లోని ఉజి నుంచి వచ్చిన కొత్త డబ్బా తెరిచాను. అదే పొడిని 80 డిగ్రీల నీళ్లలో వెదురు కుంచెతో గిలక్కొడితే కప్పులో చక్కటి పచ్చదనం వస్తోంది కనుక లోపం దానిది కాదు. వేడి 150కి తగ్గించి 50 నిమిషాలు కాల్చాను, పైన అల్యూమినియం రేకు కప్పాను. పైపొర మాత్రమే కొంత తేరుకుంది. మూడేళ్ల మా అమ్మాయి దీనికి 'పేడ కేకు' అని పేరు కూడా పెట్టేసింది.

చింతపండు పులుసులో ఉడికిన ఆకుకూర రంగు చెడినట్టే, పెరుగు పులుపుకూ వేడికీ మాచాలోని పత్రహరితం చెడుతోందని నా అనుమానం. అయితే పెరుగు మానేసి పాలు పోస్తే, పులుపు దొరకక వంటసోడా పనిచేయదేమోనని వెనకాడుతున్నాను.

గుడ్డు వాడకుండా, పెరుగు బదులు ఏది ఎంత కొలతలో వేస్తే ఈ కేకు పొంగుతూనే పచ్చగా నిలుస్తుందో, చేసి చూసినవారు చెప్పగలరా?