పశ్చిమ ఆస్ట్రేలియాలో డచ్ వాళ్ల ఓడలు, విమానాలు: ఏవి చూడాలి? (చర్చ)

పెర్త్_సుబ్బు:
జులైలో అమ్మానాన్న వస్తున్నారు. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డచ్ వాళ్ల చరిత్ర అంటే ప్రాణం. ఫ్రీమాంటిల్, జెరాల్డ్‌టన్, బ్రూమ్ మూడూ ఒకే ట్రిప్‌లో కుదురుతాయా? డిర్క్ హార్టోగ్ దీవి కూడా కలపాలా? నాన్నకి మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

లక్ష్మి_ఫ్రీమాంటిల్:
ఇంకేదీ కుదరకపోయినా ఫ్రీమాంటిల్‌లో ఓడ శిథిలాల మ్యూజియం మాత్రం చూపించండి. 1629లో మునిగిన బటావియా అనే డచ్ ఓడ వెనక భాగం అక్కడే నిలబెట్టారు. నల్లబడిన ఓక్ చెక్కలు మన తల మీదుగా వంపు తిరిగి పైకి వెళ్తాయి. దాని కింద నిలబడితే నోట మాట రాదు. పక్కనే జావాలోని బటావియా కోట కోసం ఓడలో పంపిన రాతి ద్వారానికి నమూనా ఉంది, అసలుది జెరాల్డ్‌టన్‌లో చూడొచ్చు. అంతా ఒకచోటే కాబట్టి మోకాళ్లకి ఇబ్బంది ఉండదు.

రవి_జెరాల్డ్‌టన్:
ఆ ఓడ మునిగిన అబ్రోలోస్ దీవుల మీదుగా చిన్న విమానంలో తిప్పుతారు. నాకు మాత్రం చేదు అనుభవమే. గాలి ఎక్కువగా ఉందని ఒక టూర్ వాళ్లు చివరి నిమిషంలో రద్దు చేసి, డబ్బు వాపసు అడిగితే నెలల తరబడి తిప్పారు. కట్టే ముందే రద్దు షరతులు చదవండి. పైనుంచి వెస్ట్ వాలబీ దీవి కనిపిస్తే వదలొద్దు. ఓడ కమాండర్ పెల్సార్ట్ సాయం కోసం పడవలో జావా వెళ్లినప్పుడు ఈ దీవుల్లో తిరుగుబాటుదారు కార్నెలిస్ మనుషులు వందమందికి పైగా తోటివాళ్లని చంపారు. వాళ్లని ఎదిరించింది వీబ్ హేస్ అనే మామూలు సిపాయి. అతని మనుషులు పేర్చిన రాళ్ల గోడలు ఈనాటికీ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో యూరప్ వాళ్లు కట్టినవాటిలో అన్నిటికంటే పాతవి అవే.

కాకినాడ_కెప్టెన్:
అసలు ఇన్ని ఓడలు అక్కడే ఎందుకు పగిలాయో ఎవరూ చెప్పడం లేదు. నేను మాస్టర్ లైసెన్స్ ఉన్నవాణ్ణి, ఈ సముద్రం మీద తిరిగినవాణ్ణి. 1611లో డచ్ నావికుడు బ్రౌవర్ జావాకి కొత్త దారి చూపించాడు. గుడ్ హోప్ అగ్రం దాటాక దక్షిణాన వీచే పడమటి గాలులు పట్టుకుని తూర్పుకి పోవాలి, తర్వాత ఉత్తరానికి తిరిగి జావా చేరాలి. అక్షాంశం సూర్యుణ్ణి చూసి కట్టుకోగలరు. రేఖాంశం తెలుసుకునే సాధనం అప్పట్లో లేదు, ఎంత తూర్పుకి వచ్చామన్నది అంచనాయే. తిరగడం ఆలస్యమైతే ఎదురుగా ఆస్ట్రేలియా. బటావియా, 1656లో వెర్గుల్డ డ్రాక్, 1712లో జ్యూట్‌డార్ప్, 1727లో జీవిక్, అన్నీ ఆ తీరానికే బలయ్యాయి. డచ్ కెప్టెన్ హార్టోగ్ 1616 అక్టోబర్ 25న ఆయన పేరున్న దీవి మీద దిగిందీ అలాగే. తను వచ్చినట్టు రాసి గుంజకి కొట్టి అతను వదిలిన పళ్లెం గురించి మాత్రం నాకు మండుతుంది. 1697లో ఇంకో డచ్ కెప్టెన్ వ్లామింగ్ దాన్ని పీక్కుపోయాడు. గుర్తుగా వదిలినదాన్ని తీసుకుపోతే దొంగతనం కాదా?

లక్ష్మి_ఫ్రీమాంటిల్:
సార్, దొంగతనం ఏమిటి? గుంజ అప్పటికే పుచ్చిపోయింది. దాని మీద రాసిందంతా కొత్త పళ్లెం మీదకి ఎక్కించి, తన ఓడల వివరాలు చేర్చి నిలబెట్టాడు. పాతది తెచ్చాడు కాబట్టే ఈరోజు ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియంలో ఉంది. లేకపోతే ఆ ఉప్పుగాలికి ఎప్పుడో తినేసేది.

కాకినాడ_కెప్టెన్:
అమ్మా, ఉప్పుగాలి సంగతి నాకు చెప్పక్కర్లేదు. అదే పని ఫ్రెంచివాడు ఫ్రేసినే 1818లో చేసి వ్లామింగ్ పళ్లెం పట్టుకుపోతే అందరూ తిడతారు. అతని పై అధికారి హామ్లిన్ 1801లో ఆ పళ్లెం దొరికినా, ముట్టడం అపచారమని మళ్లీ మేకులు కొట్టించి వెళ్లాడు. నావికుడంటే అతను.

లక్ష్మి_ఫ్రీమాంటిల్:
ఆ వ్లామింగ్ పళ్లెం పారిస్‌లో ఎక్కడో మరుగున పడి 1940లో దొరికింది, 1947లో ఆస్ట్రేలియాకి తిరిగొచ్చింది. అంటే ఫ్రేసినే తీసుకెళ్లినదీ మిగిలింది కదా! రెండూ బతికి ఉన్నాయి, మీరేమో దొంగలంటారు.

కాకినాడ_కెప్టెన్:
బతికినంత మాత్రాన సరిపోదు. హార్టోగ్ పళ్లెం ఆ తీరానిది.

బందరు_అబ్బాయి:
ఆ తీరం అంతకుముందే ఎవరిదో కూడా చెప్పండి. వేల ఏళ్లుగా అక్కడ మనుషులున్నారు. 1606లో డైఫ్కెన్ ఓడ కేప్ యార్క్‌కి వచ్చినప్పుడే స్థానికులకీ వీళ్లకీ గొడవలై డచ్ నావికులు చచ్చారు. ఇంకో మాట. ఈ ఓడలు నడిపిన డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీయే మా బందరులో కొట్టు పెట్టి, ఇక్కడి బట్ట కొని, ఆ బట్టతో అటు దీవుల్లో మసాలాలు కొనేది. ఆస్ట్రేలియా వాళ్లకి దారి తప్పితే తగిలిన ఒడ్డు, మనది వాళ్ల వ్యాపారానికి ఆయువుపట్టు. అక్కడ విరిగిన చెక్కకి మ్యూజియం కడతారు, మన భీమిలిలో డచ్ సమాధుల మధ్య గడ్డి మొలుస్తుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రవి_జెరాల్డ్‌టన్:
తమ్ముడూ, బాధ అర్థమైంది. కానీ సుబ్బు గారు అడిగింది పశ్చిమ ఆస్ట్రేలియా గురించి.

బందరు_అబ్బాయి:
వాళ్ల నాన్నగారు సోషల్ మాస్టారు, ఆయనకి ఇదీ కావాలి. మీరు వద్దనడానికి మీ సొంత చర్చా ఇది?

సునీత_మెల్‌బోర్న్:
పళ్లెం గొడవ ఆపి విమానాల సంగతికి రండి. మా వైపు ఆల్బరీ ఊరు ఉంది. 1934 అక్టోబర్‌లో లండన్–మెల్‌బోర్న్ పందెంలో డచ్ విమాన సంస్థ కేఎల్ఎమ్ వాళ్ల డీసీ-2 విమానం, పేరు ఔఫర్, రాత్రి తుఫానులో దారి తప్పింది. ఊళ్లో కరెంటు దీపాలన్నీ ఆర్పుతూ వెలిగిస్తూ మోర్స్‌లో ఊరి పేరు చెప్పారు. రేడియోలో పిలుపు వినగానే జనం కార్లేసుకుని రేస్‌కోర్సుకి వచ్చి హెడ్‌లైట్లు వేశారు. ఆ వెలుగులోనే పైలట్ పార్మెంటియర్ దింపాడు. తెల్లారాక బురదలో కూరుకున్న విమానాన్ని జనమే తాళ్లు కట్టి లాగారు. ఆ పందెం గెలిచింది ఔఫరే.

కాకినాడ_కెప్టెన్:
గెలవలేదు. ముందు చేరింది బ్రిటిష్ కామెట్.

సునీత_మెల్‌బోర్న్:
వేగంలో కామెట్ మొదటిది, ఔఫర్ రెండోది. విమానాల మధ్య తేడాలు లెక్కగట్టి ఇచ్చే హాండికాప్ విభాగంలో ప్రైజు ఔఫర్‌ది. పైగా కామెట్ పందెం కోసమే కట్టినది, ఇది ప్రయాణికుల్నీ ఉత్తరాల్నీ మోస్తూ వచ్చింది. నాకు అదే గెలుపు! అదే విమానం ఆ డిసెంబర్‌లోనే ఇరాక్ ఎడారిలో కూలి అందరూ పోయారు.

గోదావరి_ఇన్_పిల్బరా:
బ్రూమ్ సంగతి నేను చెప్తాను. 1942 మార్చి 3న జావా నుంచి తప్పించుకొచ్చిన డచ్ ఆడవాళ్లు, పిల్లలు ఇంధనం కోసం ఆగిన సీప్లేన్లలోనే కూర్చుని ఉన్నారు. జపాన్ వాళ్ల జీరో యుద్ధవిమానాలు వచ్చి కాల్చేశాయి. కనీసం 88 మంది పోయారు. డోర్నియర్, కాటలీనా రకాల ఆ సీప్లేన్ల శకలాలు సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే బయటపడతాయి. అక్కడ పోటుకీ పాటుకీ తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. టౌన్ బీచ్ నుంచి బురదలో చాలా దూరం నడవాలి. తుప్పు పట్టిన ఇంజన్‌కి ముత్యపు చిప్పల్లాంటివి అంటుకుని, గుంటలో చిన్న చేపలు తిరుగుతున్నాయి. నేను చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను, అది ఎవరో చనిపోయిన చోటు.

రవి_జెరాల్డ్‌టన్:
వజ్రాల విమానం కూడా అదే రోజు కదా?

గోదావరి_ఇన్_పిల్బరా:
అవును. స్మిర్నాఫ్ నడిపిన డీసీ-3ని అదే రోజు జీరోలు కూల్చాయి. కార్నాట్ బే ఒడ్డున దించగలిగాడు గానీ నలుగురు పోయారు. అందులోని వజ్రాల పొట్లం జాక్ పామర్ అనే అతనికి దొరికింది. కొన్ని తెచ్చి ఇచ్చాడు, కేసు పెట్టారు, నిర్దోషిగా వదిలేశారు. అన్నీ మాత్రం దొరకలేదు. జనం వజ్రాల గురించే మాట్లాడతారు, పోయినవాళ్ల గురించి అడగరు. నాకు నచ్చనిది అదే.

పెర్త్_సుబ్బు:
అన్నా, నాన్న బురదలో నడవలేరు. అది పక్కన పెట్టేస్తాను.

గోదావరి_ఇన్_పిల్బరా:
అయితే బ్రూమ్ వద్దు. బ్రూమ్‌లో పోయిన డచ్ వాళ్లలో చాలామంది సమాధులు పెర్త్‌లోనే, కారకట్టా దగ్గరున్న యుద్ధ శ్మశానంలో డచ్ భాగంలో ఉన్నాయి. అక్కడికి తీసుకెళ్లండి.

కాకినాడ_కెప్టెన్:
హార్టోగ్ దీవికి ఫోర్‌వీల్ డ్రైవ్ తప్పనిసరి, పెద్దవాళ్లతో వద్దు. పళ్లెం గురించి నా మాట మారదు.

లక్ష్మి_ఫ్రీమాంటిల్:
నాదీ మారదు సార్. సుబ్బు గారూ, వ్లామింగ్ పళ్లెం ఫ్రీమాంటిల్ ఓడ శిథిలాల మ్యూజియంలోనే ఉంది, నాన్నగారినే అడగండి.