మిర్చి యార్డు రాష్ట్రానిది, పొగాకు బోర్డు కేంద్రానిది. ఎందుకిలా?

ప్రత్తిపాడు కుర్రాడు:
మాది గుంటూరు పక్కన ప్రత్తిపాడు. నాన్నది నాలుగెకరాల మిర్చి. 2025లో రేటు పడిపోయినప్పుడు యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీదే పడుకున్నాం. తెల్లారాక ఒకాయన వచ్చి టిక్కీ కోసి గుప్పెడు కాయ తీశాడు, విరిచి వాసన చూశాడు, ఏమీ అనకుండా పక్క లాట్‌కి పోయాడు. నాన్న ఆ కాయలన్నీ ఏరి మళ్లీ టిక్కీలో వేశాడు. ఎవర్నడిగినా రాష్ట్రం ఢిల్లీకి రాసిందనే చెప్పారు. ఒంగోలు వైపు మా మామయ్య వర్జీనియా పొగాకు ఎంత పండించాలో కూడా కేంద్రం బోర్డే చెబుతుంది. ఇంతకీ వ్యవసాయం ఎవరి చేతిలో ఉన్నట్టు?

రిటైర్డ్ యార్డు ఉద్యోగి:
బాబూ, రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూడు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం, 28వది మార్కెట్లు, సంతలు. యార్డు నడిచేదీ సెస్సు (మార్కెట్ ఫీజు) వసూలయ్యేదీ అందుకే రాష్ట్ర చట్టం కింద. అయితే కేంద్ర జాబితాలో 52వ అంశం ఉంది. ప్రజాప్రయోజనం కోసం ఫలానా పరిశ్రమ మా అదుపులో ఉండాలని పార్లమెంటు చట్టం చేస్తే అది కేంద్రానికి పోతుంది. 1975లో పొగాకుకు అలాగే చేశారు. 1986 సుగంధ ద్రవ్యాల బోర్డు చట్టంలో సాగు మీద అదుపు యాలకులకే పెట్టారు, మిర్చికి ఎగుమతుల పని వరకే.

బ్రాడీపేట ప్లీడరు:
పొగాకు కూడా పూర్తిగా కేంద్రానిది కాదండీ. బీహార్ మార్కెట్ కమిటీకి, సిగరెట్ల కంపెనీ ఐటీసీకి నడిచిన కేసులో 2002లో సుప్రీంకోర్టు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తీర్పిచ్చింది. ముడి ఆకు అమ్మకం మీద మార్కెట్ ఫీజు వేసే హక్కు రాష్ట్రానికి ఉందని తేల్చింది.

పర్చూరు రైతు:
బోర్డు వేలం వర్జీనియాకే అన్నా. మేం వేసేది బర్లీ రకం పొగాకు. 2025లో కొనేవాళ్లు వెనక్కి పోతే పొగాకు చెక్కులు (బేళ్లు) ఇంట్లోనే పేర్చుకున్నాం, పిల్లలు వసారాలో పడుకున్నారు. చివరికి రాష్ట్రమే తన సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించింది.

రిటైర్డ్ యార్డు ఉద్యోగి:
నా బాధా అదే. యార్డు రాష్ట్రానిదైనా విదేశీ వ్యాపారం, కస్టమ్స్ సుంకాలు కేంద్రం చేతిలోవి. మన కాయ రేటు ఎగుమతుల మీదే కదా ఆధారపడేది! ఆ ఏడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, మార్కెట్ రేటు అంతకన్నా తగ్గితే ఆ తేడాలో సగం రాష్ట్రమే పెట్టుకోవాలంది. తాళం ఎవరి దగ్గరుందో వాళ్లే ఎక్కువ భరించాలి. ఇది న్యాయం కాదు.

ప్రత్తిపాడు కుర్రాడు:
నాన్నకి చదివి వినిపించానండీ. అర్జీ కలెక్టరుకివ్వాలా, ఎంపీకివ్వాలా అని అడుగుతున్నాడు.

రిటైర్డ్ యార్డు ఉద్యోగి:
రెండు రాయించు. కాటా, సెస్సు, ధర తేడా సంగతి కలెక్టరుకి. ఎగుమతుల సంగతి, కేంద్రం వాటా సంగతి ఎంపీకి. నకళ్ల మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.