కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్: పట్టికలో ర్యాంకు చూడాలా, అక్కడి కోర్సు చూడాలా?

ప్రశ్న

నమస్కారం. నేను ఇంజనీరింగ్ చివరి సెమిస్టరులో ఉన్నాను. నాకు ఆసక్తి ఉన్న విషయం డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (అనేక కంప్యూటర్లు కలిసి ఒకే వ్యవస్థగా పనిచేసే విధానం). మాస్టర్స్‌కు మూడు దేశాల నుంచి ప్రవేశం లభించింది. అమెరికాలోని విశ్వవిద్యాలయం చాలా పేరున్నదే కానీ, అక్కడ నాకు వచ్చింది థీసిస్ లేని ఏడాదిన్నర డిగ్రీ, పైగా దానిని నడిపేది కంప్యూటర్ సైన్స్ విభాగం కాదు, సమాచార వ్యవస్థల విభాగం. కెనడాలో వచ్చింది థీసిస్‌తో కూడిన రెండేళ్ల కోర్సు. ఆ విశ్వవిద్యాలయం పేరు ఎక్కువమంది విని ఉండరు, అయితే ఒక ప్రొఫెసర్ నన్ను తన విద్యార్థిగా తీసుకుని స్టైపెండ్ ఇస్తామని రాశారు. జర్మనీలో వచ్చినది ఇంగ్లీషు మాధ్యమంలో సాగే రెండేళ్ల కోర్సు. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే క్యూఎస్ పట్టికలో అమెరికాది అందనంత ఎత్తున ఉంటే, కంప్యూటర్ సైన్స్‌కే పరిమితమైన సీఎస్‌ర్యాంకింగ్స్ అనే వెబ్‌సైటులో సిస్టమ్స్ విభాగం ఒక్కటే ఎంచుకుని చూసినప్పుడు కెనడాది దానికంటే పైన కనిపిస్తోంది. దేనిని నమ్మాలి?

మొదటి సమాధానం

ఆ రెండు పట్టికలు కొలిచేవి వేర్వేరు విషయాలు కాబట్టి అవి ఏకీభవించకపోవడంలో వింత లేదు. క్యూఎస్ ప్రపంచ పట్టికలో 30 శాతం మార్కులు విద్యావేత్తల అభిప్రాయ సేకరణకు, 15 శాతం ఉద్యోగాలిచ్చే సంస్థల అభిప్రాయానికి దక్కుతాయి. అంటే సగానికి కాస్త తక్కువగా పేరుప్రతిష్ఠలే తూకంలో పడుతున్నాయి. ఎమెరీ బెర్గర్ రూపొందించిన సీఎస్‌ర్యాంకింగ్స్ అభిప్రాయాల జోలికి పోకుండా, ఎంపిక చేసిన సదస్సులలో అధ్యాపకులు ప్రచురించిన పత్రాలను మాత్రమే లెక్కిస్తుంది. ఒక పత్రాన్ని నలుగురు రాస్తే ఒక్కొక్కరికి పావు వంతే జమ అవుతుంది. మీ విషయంలో రెండవదే పనికొస్తుంది, కానీ ర్యాంకు కోసం కాదు: విశ్వవిద్యాలయం పేరు నొక్కితే కింద తెరుచుకునే అధ్యాపకుల జాబితా కోసం. అందులో ముగ్గురు నలుగురు ఉన్నారా, ఒక్కరే ఉన్నారా అన్నది గమనించండి.

ఏ పట్టికా చెప్పని సంగతి మరొకటి ఉంది. నేను చదివిన చోట (పేరు చెప్పను) కోర్సుల కేటలాగులో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ కళకళలాడుతూ ఉండేది. తీరా చేరాక తెలిసిందేమిటంటే, దానిని బోధించే ఆచార్యులు సెలవులో ఉన్నందువల్ల మూడు సెమిస్టర్లుగా ఆ కోర్సు పెట్టనేలేదు. నాలుగవ సెమిస్టరులో పెట్టినప్పుడు ఉన్నవి 60 సీట్లు, వెయిట్‌లిస్టులో నా సంఖ్య 83. కేటలాగు అంటే పెట్టగలిగే కోర్సుల జాబితా, పెట్టిన కోర్సుల జాబితా కాదు. గత నాలుగు సెమిస్టర్ల టైంటేబుళ్లు తెరిచి, మీకు కావలసిన ఐదు కోర్సులు ఎన్నిసార్లు నడిచాయో, వాటిలో మీ డిగ్రీవారికి సీట్లు ఇస్తారో లేదో చూడండి. చాలాచోట్ల సొంత విభాగపు విద్యార్థులు నమోదు చేసుకున్న తరువాతే ఇతరుల వంతు వస్తుంది. మీ అమెరికా డిగ్రీ వేరే విభాగానిది కావడం నన్ను కలవరపెడుతున్నది ఇందుకే.

రెండవ సమాధానం

పై మాటకు ఒక చేర్పు. అమెరికాలో చదువు ముగిశాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పని చేయవచ్చు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ అయితే మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు. దానికి ఆధారం విభాగం పేరు కాదు, వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మొదటి పేజీలో కోర్సు పేరు పక్కన ఉండే ఆరంకెల సంకేతం. కంప్యూటర్ సైన్స్‌కు సాధారణంగా అది 11.0701. మీకు వచ్చిన డిగ్రీకి ఏ సంకేతం వేస్తారో ఇప్పుడే మెయిల్ రాసి అడిగి, అమెరికా ప్రభుత్వపు హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ప్రచురించే స్టెమ్ జాబితాతో సరిచూసుకోండి. చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్ కోసం వాడే సీపీటీ అనే అనుమతిని పూర్తికాలం పద్ధతిలో 12 నెలలు వాడితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ అర్హత పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

కెనడాలో 2024 ఫిబ్రవరి 15 నుంచి, మాస్టర్స్ రెండేళ్లకంటే చిన్నదైనా మిగతా అర్హతలుంటే చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తోంది. అక్కడ అసలు చిక్కు ఒకే ప్రొఫెసర్ మీద ఆధారపడటం. ఆయన పూర్వ విద్యార్థులు ఇద్దరికి విడిగా రాసి, థీసిస్ ముగించడానికి నిజంగా ఎంతకాలం పట్టిందో అడగండి. ప్రొఫెసర్‌ను అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది!

మూడవ సమాధానం

నేను జర్మనీలో చదువుతున్నాను. ఇక్కడ ఫీజే ఉండదని అందరూ అనుకుంటారు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టరు నుంచి ఐరోపా సమాఖ్య బయటివారి దగ్గర ఫీజు తీసుకుంటున్నాయి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు, కానీ పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా, విద్యార్థులకిచ్చే పార్ట్‌టైం ఉద్యోగాలలో చాలావాటికి జర్మన్ అడుగుతారు. అన్నిటికంటే ముఖ్యంగా పరీక్షల నియమావళి చదవండి. చాలా విశ్వవిద్యాలయాలలో తప్పనిసరి పరీక్షను సాధారణంగా మూడుసార్లకు మించి రాయనివ్వరు. చివరి ప్రయత్నంలోనూ తప్పితే ఆ కోర్సు నుంచి తొలగిస్తారు, మరో విశ్వవిద్యాలయంలో అదే కోర్సులో చేరడానికి కూడా అది అడ్డు రావచ్చు. మొదటి సెమిస్టరులో ఆరు పరీక్షలకు ఉత్సాహంగా పేరిచ్చి, తరువాత రెండింటిని చివరి తేదీ లోపల వెనక్కి తీసుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. టైంటేబుళ్లు తీసి చూశాను. అమెరికాలో నాకు కావలసిన ఐదింటిలో రెండు మాత్రమే నా డిగ్రీవారికి తెరిచి ఉన్నాయి. సంకేతం గురించి రాసిన మెయిలుకు ఇంకా జవాబు రాలేదు. కెనడా ప్రొఫెసర్ దగ్గర చదివిన ఒకరు మాత్రం వెంటనే రాశారు: రెండేళ్లన్నది రెండేళ్ల నాలుగు నెలలయిందట, ఆ నాలుగు నెలలకూ స్టైపెండ్ ఆగలేదట. రెండవ వ్యక్తి జవాబు వచ్చేవరకు ఎక్కడా డిపాజిట్ కట్టడం లేదు.