‘నోవేర్ బాయ్’లో ఏది నిజం, ఏది కల్పన? (బాంజో శ్రుతి సందేహం కూడా)

శ్రుతిపెట్టె:
బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కుర్రతనం మీద 2009లో వచ్చిన సినిమా ‘నోవేర్ బాయ్’ని గిటార్ క్లాసు పిల్లలకి చూపించాలనుకుంటున్నాం. అందరూ పదహారు దాటినవాళ్లే. తర్వాత చర్చలో ఏ సన్నివేశాలు కల్పితమని చెప్పాలి? జాన్ తల్లి జూలియా కొడుక్కి నేర్పిన బాంజో (గిటార్ లాంటి తీగవాద్యం) కార్డ్స్ గిటార్ మీద ఎలా పలుకుతాయి?

పాతరికార్డులు:
పెద్దమ్మ మిమీ పెంపకం, పెదనాన్న జార్జ్ 1955లో హఠాత్తుగా పోవడం, 1958 జూలై 15న మెన్లవ్ ఎవెన్యూలో కారు గుద్ది జూలియా చనిపోవడం జరిగినవే. తేడా అంతా వరసలో ఉంది. సినిమాలో తల్లి పోయాక రికార్డింగ్ పెట్టి, ఆ దుఃఖమే పాటయినట్టు చూపించారు. నిజానికి పెర్సీ ఫిలిప్స్ ఇంటి స్టూడియోలో డిస్క్ కట్ చేసేనాటికి ఆవిడ బతికే ఉంది. పదిహేడున్నర షిల్లింగులకి వచ్చింది ఒక్కటే డిస్క్. బృందంలోని కుర్రాళ్లు వంతులేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. బృందంలో తోటివాడు పాల్ మెకార్ట్నీని జాన్ కొట్టడం కూడా కల్పనే. తననెప్పుడూ కొట్టలేదని మెకార్ట్నీయే చెప్పాడు.

తీగలపని:
శ్రుతి సంగతి నేను చెప్తానండీ. జూలియా బాంజో శ్రుతి డి, జి, బి, డి. గిటార్‌లో నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా డి, జి, బి, ఈ. అంటే ఒకటో తీగని రెండు ఫ్రెట్ల మేర దించి డికి తెస్తే చాలు. దించేటప్పుడు డి కంటే కాస్త కిందికి వదిలి మళ్లీ పైకి బిగించండి, లేకపోతే వాయిస్తుండగానే జారిపోతుంది. ఆ తర్వాత మిగతా మూడూ ఒకసారి సరిచూడాలి.

ఏమీ నొక్కకుండా నాలుగూ మీటితే జి మేజర్. అయిదో ఫ్రెట్ దగ్గర వేలు అడ్డంగా వేస్తే సి, ఏడో దగ్గర డి. స్కిఫిల్ (ఆ రోజుల్లో కుర్రాళ్లు వాయించిన తేలికపాటి జానపద శైలి) పాటలకి ఈ మూడూ సరిపోతాయి. పిల్లలు తప్పుచేసేది లావు తీగల దగ్గరే: అయిదు, ఆరు తీగలు తగిలాయో, ఏ, ఈ స్వరాలు అడుగున చేరి జి కార్డ్ చెడిపోతుంది.

1957 జూలై 6న వుల్టన్ చర్చి ఉత్సవంలో కలిసిన పాల్‌కి గిటార్ శ్రుతి చెయ్యడం వచ్చు. అతనిది ఎడమచేతివాటం కావడంతో జాన్ ఆ కార్డ్స్ అన్నీ తిరగేసి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇది క్లాసులో తప్పక చేసి చూపించండి.

శ్రుతిపెట్టె:
ధన్యవాదాలండీ. బ్లాక్‌పూల్ ఊళ్లో అయిదేళ్ల జాన్‌ని అమ్మా నాన్నా ఎవరు కావాలని అడగడం నిజమేనా?

పాతరికార్డులు:
ఎన్నో పుస్తకాల్లో ఉంది. కానీ అది జరిగిందంటున్న ఇంట్లోనే ఉన్న బిల్లీ హాల్ అలాంటి లాగులాట ఏమీ లేదన్నాడు. జరిగిందని మాత్రం చెప్పకండి.