ఎనిమిదేళ్ల పిల్లకి వారానికి 16 గంటలు: ఎలైట్ స్క్వాడ్‌కి ఒప్పుకోవాలా?

స్లౌ_శ్రావణి
మేముండేది ఇంగ్లండ్‌లోని స్లౌలో. మా పాపకి ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా శనివారాలు గంటసేపు జిమ్నాస్టిక్స్‌కి వెళ్తోంది. పోయిన వారం కోచ్ నన్ను పక్కకి పిలిచి, ఎలైట్ స్క్వాడ్‌లో, అంటే పైస్థాయి పోటీలకి తయారుచేసే బృందంలో తీసుకుంటామన్నారు. వారానికి నాలుగు రోజులు, మొత్తం 16 గంటలు. రెండు వారాల్లో ఏ సంగతీ చెప్పాలట. "ఇప్పుడు రాకపోతే తర్వాత ఈ దారి ఉండదు" అన్నారు. మా ఆయన సరే అంటున్నారు. మా అత్తగారు ఫోన్లో "ఆడపిల్ల చేతులు కాయలు కాస్తాయే" అంటున్నారు. నాకు మాత్రం కోచ్ అన్న ఆ ఒక్క మాటే టెన్షన్. నిజంగా ఎనిమిదేళ్లకే తలుపు మూసేస్తారా?

ఎంకే_మురళి
మూసెయ్యరండి, సన్నబడుతుంది. మా పెద్దది ఈ దారిలో ఆరేళ్లు నడిచింది కాబట్టి చెప్తున్నాను. ఆడపిల్లల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో (వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్) చిన్న వయసులో గ్రేడ్లుంటాయి. అందరూ అవే రొటీన్లు చేయాలి, ఎవరు ఎంత శుభ్రంగా చేశారన్నదే లెక్క. ఆ తర్వాత వయసు విభాగాలు: 12, 13 ఏళ్లకి ఎస్పోయిర్, 14, 15కి జూనియర్, ఆ పైన సీనియర్. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఆ క్యాలెండర్ సంవత్సరంలో 16 నిండే అమ్మాయి సీనియర్. అబ్బాయిలకైతే 18. అంటే మగపిల్లలకి రెండేళ్లు ఎక్కువ గడువు. బార్స్ (ఎత్తులో ఉండే రెండు కడ్డీలు) మీద చేతులు వదిలి గాల్లో తిరిగి మళ్లీ పట్టుకోవడం లాంటివి ఎత్తు పెరగకముందు, భయం తెలియకముందు నేర్చుకుంటే సులువని కోచ్‌ల లెక్క. మా అమ్మాయి రోజుల్లో ఆ వయసు గ్రేడ్ ఆ వయసులో పాస్ కాకపోతే వెనకబడ్డట్టే. మీ కోచ్ మాట పూర్తిగా అబద్ధం కాదు. రెండు వారాల గడువు మాత్రం నాకు నచ్చలేదు.

రెడింగ్_నాన్న
ఒప్పుకోకండి. మా పాప ఏడేళ్లకి చేరి పదకొండుకి మానేసింది. క్లబ్ పేరు చెప్పను. చీలమండ నొప్పి అంటే "బద్ధకం" అన్నారు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే చెయ్యెత్తి అడగాలి, ఎక్కువసార్లు అడిగితే మొహం మాడ్చేవారు. ఒకరోజు దిండు కింద బిస్కెట్ ప్యాకెట్ దొరికింది. ఎందుకమ్మా అంటే, "కోచ్‌లు మన ఇంట్లో కూడా చూస్తారేమోనని" అంది. తొమ్మిదేళ్ల పిల్ల!

ఇదేదో మా ఒక్క ఇంటి గోల అనుకోకండి. 2020లో పాత జిమ్నాస్టులు ఒక్కొక్కరే బయటికొచ్చి మాట్లాడారు. క్రీడలకి నిధులిచ్చే సంస్థలు యూకే స్పోర్ట్, స్పోర్ట్ ఇంగ్లండ్ కలిసి ఆన్ వైట్ అనే న్యాయవాదితో విచారణ చేయించాయి. 400కి పైగా వాంగ్మూలాలొచ్చాయి. 2022 జూన్‌లో నివేదిక వచ్చింది. తిండి మీద, బరువు మీద వేధింపులు, గాయాలతోనే సాధన చేయించడం, అరవడం, అన్నీ ఉన్నాయందులో. ఇది ఎవరో ఒకరిద్దరు కోచ్‌ల తప్పు కాదనీ, వ్యవస్థలోనే ఉందనీ తేల్చారు.

ఎంకే_మురళి
ఆ నివేదిక తర్వాత మార్పులు వచ్చాయి అన్నా. 2023 నుంచి కోచ్‌లు పిల్లల బరువు తూచకూడదు. పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లల్ని అసలు ఎవరూ తూచకూడదు. నీళ్లకీ బాత్రూమ్‌కీ కూడా రూల్స్ పెట్టారు.

రెడింగ్_నాన్న
బాత్రూమ్‌కి పంపాలని రూల్ రాయాల్సి వచ్చిందంటేనే అర్థం కావట్లేదా?

డెర్బీ_హరి
కొంచెం ఆగండి. 2008లో లూయీ స్మిత్ పామెల్ హార్స్‌లో (పిడులున్న దిమ్మె మీద చేతులతో తిరిగే మగవాళ్ల అంశం) కాంస్యం తెచ్చేదాకా, 1908 తర్వాత వ్యక్తిగత జిమ్నాస్టిక్స్‌లో బ్రిటన్‌కి ఒలింపిక్ పతకమే లేదు. నూరేళ్లు! ఆ తర్వాత మాక్స్ విట్‌లాక్ రియోలో ఒకే రోజు రెండు స్వర్ణాలు. టోక్యోలో అమ్మాయిల జట్టుకి కాంస్యం, అదీ 1928 తర్వాత. ఆ జట్టులో గదిరోవా కవలలకి అప్పటికి పదహారేళ్లే. వాళ్ల క్లబ్ ఏల్స్‌బరీలో, మీ స్లౌకి ఎంత దూరమండీ? ఇదంతా శనివారం గంట క్లాసుతో రాలేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. ఇయర్ 3 (ఏడెనిమిదేళ్ల వయసు) నుంచే ఎలెవెన్ ప్లస్, అంటే గ్రామర్ స్కూళ్ల ప్రవేశపరీక్ష, ట్యూషన్లకి తోలేది మనవాళ్లే. వెర్బల్ రీజనింగ్ వర్క్‌బుక్కులు చేయిస్తే బాల్యం పోదు గానీ, చక్రాసనం వేస్తే పోతుందా?

స్లౌ_శ్రావణి
హరి గారూ, ఆ దెబ్బ నాకు సూటిగా తగిలింది. మా పాప ట్యూషన్ బుధవారం, ఆదివారం :)

షెఫీల్డ్_లత
అందరూ ఒక్క ఆర్టిస్టిక్ గురించే మాట్లాడుతున్నారు. ట్రాంపొలీన్ కూడా ఒలింపిక్ క్రీడే. బ్రయోనీ పేజ్ తొమ్మిదేళ్లకి మొదలుపెట్టింది. మా ఊరి యూనివర్సిటీలోనే బయాలజీ చదివింది. 25 ఏళ్లకి రియోలో రజతం, తర్వాత టోక్యోలో కాంస్యం, 33 ఏళ్లకి పారిస్‌లో స్వర్ణం. ఎనిమిదేళ్లకే అంతా అయిపోతుందని ఎవరన్నారు? మీ ఆర్టిస్టిక్‌లోనే, పారిస్ జట్టులో బెకీ డౌనీకి 32 ఏళ్లు.

ఎంకే_మురళి
బెకీ డౌనీ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది లత గారూ. ఆవిడ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కే వెళ్లారు, అప్పటికి పదహారేళ్లు. ఆలస్యంగా రాలేదు, త్వరగా వచ్చి చాలాకాలం నిలబడ్డారు. ట్రాంపొలీన్ సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

షెఫీల్డ్_లత
సరే, అది నా పొరపాటు. కానీ నిలబడటం గురించే కదా నా బాధ. ఎనిమిదేళ్లకి చేరిన పిల్లల్లో పదహారుకి ఎంతమంది మిగులుతారు? మానేసినవాళ్లు ఏమయ్యారని అడిగే నాథుడు లేడు. మన హైదరాబాద్ అరుణా బుద్దారెడ్డి ముందు కరాటే నేర్చుకుని, తర్వాత ఎల్బీ స్టేడియంలో జిమ్నాస్టిక్స్‌కి మారింది. 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచింది. పక్కదారిలో వచ్చినవాళ్లకి కూడా చోటుండాలి.

డెర్బీ_హరి
ఒక్క వాల్ట్ వేరు, నాలుగు అపరేటస్‌లూ (పరికరాలూ) చేయడం వేరు. అయినా అరుణ విషయంలో వాదించను, ఆ అమ్మాయంటే నాకూ గర్వమే.

ఎంకే_మురళి
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. క్రీడలకిచ్చే నేషనల్ లాటరీ డబ్బు జాతీయ ప్రోగ్రామ్‌లోకి, అంటే లిల్లెషాల్ జాతీయ శిక్షణ కేంద్రం దాకా చేరిన కొద్దిమందికే. అప్పటిదాకా ఫీజు, లియోటార్డులు, పోటీల ప్రయాణాలు, హోటళ్లు, అన్నీ మనవే. రెండోవాడికి ఈత క్లాసు మాన్పించాల్సి వచ్చింది మాకు. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

శ్రావణి గారూ, సంతకం పెట్టే ముందు ఒక సెషన్ మొత్తం కూర్చుని చూడండి. బాగా చేసే పిల్లని కాదు, ఆ రోజు చేయలేకపోతున్న పిల్లని చూడండి. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వం అంటే ఇంక ఆలోచించక్కర్లేదు.

రెడింగ్_నాన్న
ఇది మాత్రం మంచి మాట. మేము కార్లోనే కూర్చునేవాళ్లం. నాలుగేళ్లు.

స్లౌ_శ్రావణి
నిన్న వెళ్లి చూశానండి. రెండున్నర గంటలు కూర్చున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక పాప బీమ్ మీంచి మూడుసార్లు పడింది. నాలుగోసారి ఎక్కనంది. కోచ్ సరేనని కింద గీసిన గీత మీద చేయించారు. పక్కనే ఇంకో కోచ్ మాత్రం కాస్త గట్టిగానే అరుస్తున్నారు, అది మనసులో ఉంది. వారానికి తొమ్మిది గంటలతో మొదలుపెడతాం, జనవరిలో చూద్దాం అన్నాను. అలా అయితే ఎలైట్ గ్రేడ్‌కి సిద్ధం కాకపోవచ్చు, కిందిస్థాయి పోటీలకి ఉంటుంది అన్నారు. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాను. మా ఆయనకి ఇంకా అసంతృప్తే. పాపని అడిగితే "అక్కడ స్పాంజి గుంట ఉందా?" అంది. ఉందన్నాను. అదే దాని సమాధానం.

మంగళవారం మొదటి రోజు. కూచిపూడి క్లాసు కూడా మంగళవారమే. ఆ టీచర్‌గారికి ఏం చెప్పాలో ఎవరైనా చెప్పండి.