చవక ట్యూనర్ కార్డుతో హెచ్‌డీ రికార్డింగ్: గంటా పది నిమిషాలకే ఎందుకు ఆగిపోతోంది?

మల్కాజిగిరి తాతయ్య:

అందరికీ నమస్కారం. మా మనవరాలు ఈసారి ఎన్‌సీసీ బృందంతో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో నడవబోతోంది. 26వ తేదీ ఉదయం దూరదర్శన్ హెచ్‌డీ ప్రసారాన్ని మొదటి నుంచి చివరిదాకా కంప్యూటర్‌లో భద్రపరచాలని మా ఆవిడ కోరిక. కోరిక అనడం నా మర్యాద, నిజానికి అది ఆజ్ఞే.

అందుకోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒకరు వాడిన డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డును (ఉపగ్రహ టీవీ సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చే కార్డు) చవకగా కొని, మేడ మీదున్న ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డీటీహెచ్) కేబుల్‌ను దానికి కలిపాను. ఛానళ్లన్నీ దొరికాయి కానీ రికార్డింగ్ మాత్రం మధ్యలో ఆగిపోతోంది. మొన్న 1 గంట 11 నిమిషాలకు, నిన్న 1 గంట 18 నిమిషాలకు ఆగింది. రెండు ఫైళ్లూ 3.99 జీబీ అనే చూపిస్తున్నాయి. పైగా ప్రత్యక్షంగా చూసేటప్పుడు బొమ్మ కుదుపులతో వస్తోంది, కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. కార్డు వేడెక్కుతోందనీ, ప్రాసెసర్ కూడా పాతబడిందనీ, రెండూ మార్చాల్సిందేననీ దుకాణదారు అంటున్నాడు.

నాది కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, విండోస్ 10. తర్వాత టీవీకి పెట్టి చూపించవచ్చని రికార్డింగ్‌ను బయటి యూఎస్‌బీ డిస్కులోకి పంపుతున్నాను. ఇంట్లో డబ్బు కట్టే డీటీహెచ్ కూడా ఉంది. దానిలోని హెచ్‌డీ ఛానళ్లను ఈ కార్డుతో పట్టుకునే వీలుందా అన్నది రెండో సందేహం.

రామంతాపూర్ యాంటెన్నా:

తాతయ్యగారూ, దయచేసి దేన్నీ కొనకండి. మీ సమాధానం మీ ప్రశ్నలోనే ఉంది. ఆగిన సమయాలు వేరైనా ఫైలు పరిమాణం రెండుసార్లూ ఒకటే అయిందంటే, అది వేడి వల్ల వచ్చిన తంటా కాదు. వేడెక్కే కార్డుకు ప్రతిసారీ సరిగ్గా 3.99 దగ్గరే ఆగాలన్న పట్టింపు ఉండదు. మీ యూఎస్‌బీ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీని చేరలేదు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వచ్చే ప్రసారం ఆ హద్దును దాదాపు 71 నిమిషాల్లో తాకుతుంది. నిన్న ప్రసారం కొంచెం పలచగా వచ్చింది కాబట్టి ఏడు నిమిషాలు ఎక్కువ పట్టింది.

దిస్ పీసీలో (పాత మై కంప్యూటరే) ఆ డిస్కు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ ఎదురుగా ఏముందో చూడండి. ఫ్యాట్32 అని ఉంటే, అందులోని ఫొటోలు వగైరా ముందుగా మరోచోటికి నకలు తీసి, ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చండి. మీ టీవీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుందో లేదో ఒక చిన్న వీడియోతో ముందే పరీక్షించుకోండి. అసలు నన్నడిగితే కంప్యూటర్ లోపలి డిస్కులోకే రికార్డు చేసి, తర్వాత నకలు తీయడం మేలు, ఎందుకంటే కవాతు మధ్యలో ఎవరి కాలో తగిలి యూఎస్‌బీ తీగ ఊడితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇక ప్రాసెసర్ సంగతి. రికార్డు చేసేటప్పుడు కంప్యూటర్ బొమ్మను తయారుచేయదు. ఉపగ్రహం నుంచి అప్పటికే కుదించిన రూపంలో దిగిన ప్రవాహాన్ని కార్డు అందుకుంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఉన్నదున్నట్టు డిస్కులో పోస్తుంది. సెకనుకు ఒక మెగాబైటు రాయడం కోర్ 2 డ్యుయోకు ఏమంత పని? దాన్ని విప్పి తెర మీద చూపడమే బరువు. మీరు చెప్పిన దువ్వెన పళ్లు 1080ఐ ప్రసారాల్లో కనిపించేవే: ఒక్కో చిత్రాన్ని సరి గీతలు, బేసి గీతలుగా విడదీసి పంపుతారు, ఆ రెండింటినీ సరిగా కలపకపోతే కదిలే అంచులు చీలతాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆ గీతలను కలిపే డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతుంది, కాకపోతే మీ ప్రాసెసర్ మీద ఇంకొంచెం భారం పడుతుంది. ఆ ఫైలును టీవీలో పెడితే టీవీయే ఆ పని చేసుకుంటుంది. కాబట్టి రికార్డింగ్ జరిగే వేళ కంప్యూటర్ తెర మీద ప్రత్యక్ష ప్రసారం చూడకండి.

కోఠి కేబుల్:

పై సమాధానానికి నావి రెండు మాటలు. ఇంట్లో ఫ్రీ డిష్ పెట్టె కూడా ఉండి, ఒకే కేబుల్‌ను స్ప్లిటర్‌తో చీల్చి కార్డుకూ పెట్టెకూ ఇచ్చి ఉంటే, అసలు ప్రమాదం అక్కడుంది. ఛానళ్ల తరంగాలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఊగుతూ వస్తాయి, దాన్నే ధ్రువణం అంటారు. నిలువు ధ్రువణం కావాలంటే ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే పరికరానికి) 13 వోల్టులు, అడ్డ ధ్రువణానికి 18 వోల్టులు పెట్టె గానీ కార్డు గానీ కిందినుంచే కేబుల్ మీద పంపుతుంది. హాల్లో ఎవరైనా ఛానల్ మార్చగానే వోల్టేజీ మారిపోయి, మీ రికార్డింగ్‌లో కవాతు బదులు నల్లటి తెర మిగలవచ్చు. కోఠిలోని గుజరాతీ గల్లీలో రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ అని అడగండి. పెట్టెకూ కార్డుకూ వేరువేరు కేబుళ్లు లాగితే ఎవరి గొడవ వారిది. ఎల్‌ఎన్‌బీ మార్చేటప్పుడు డిష్ కదిలితే గాబరా పడకండి. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కాబట్టి, హైదరాబాద్ నుంచి ఆగ్నేయంగా, దిగంతానికి సుమారు 63 డిగ్రీల ఎత్తున వెతకాలి. మన ఇళ్ల మీది ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాక కిందిపక్కన ఉండే రకం) చూపుకు అంత పైకి తిరిగినట్టు కనిపించదు, అది చూసి మోసపోకండి.

మీ డీటీహెచ్ విషయంలో మాత్రం ఆశ వదులుకోండి. కార్డు ఆ సిగ్నల్‌ను అందుకుంటుంది, కానీ లోపలి బొమ్మకు తాళం ఉంటుంది, ఆ తాళంచెవి కంపెనీ పెట్టెలోని స్మార్ట్ కార్డులో ఉంటుంది. సొంతంగా చూసుకోవడానికి ప్రసారాన్ని రికార్డు చేసుకోవడం 1957 కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు. తాళం పగలగొట్టడం వేరు సంగతి. దానికి శిక్ష వేయడానికే 2012 సవరణలో 65ఏ సెక్షన్ చేర్చారు. మీ కవాతు తాళం లేని ప్రసారంలోనే వస్తోంది, ఆ గొడవ మీకెందుకు?

మల్కాజిగిరి తాతయ్య:

ఇద్దరికీ కృతజ్ఞతలు. డిస్కు ఫ్యాట్32 లోనే ఉంది. నిన్న సాయంత్రం లోపలి డిస్కులోకి 3 గంటల 20 నిమిషాలు ఏకబిగిన రికార్డు చేశాను. 11 జీబీకి కొంచెం పైన ఒకే ఫైలుగా వచ్చింది, టీవీలో దువ్వెన పళ్లు లేవు. స్ప్లిటర్ సంగతి మీరెలా కనిపెట్టారో గానీ, మెట్ల దగ్గర సరిగ్గా అదే ఉంది. రేపు కోఠి వెళ్తున్నాను. దొరక్కపోతే ఆ ఉదయం హాల్లోని పెట్టె ప్లగ్గు పీకేసి రిమోట్ నా జేబులో పెట్టుకుంటాను.

రామంతాపూర్ యాంటెన్నా:

కంప్యూటర్ నిద్రలోకి జారకుండా పవర్ ఆప్షన్స్‌లో స్లీప్‌ను నెవర్‌కు మార్చడం మరవకండి. కవాతు పదిన్నరకు మొదలైనా టైమర్‌ను తొమ్మిదికే పెట్టండి.